హోలోగ్రామ్ అనే మాట – మన రోజువారీ వాడకం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మైకు ముందుకు వచ్చేసరికి డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ సంగతులు కార్యదర్శి గారు నాకంటే బాగా చెప్పగలరు. నాకు అప్పగించిన విషయం వేరు. మన సభ్యత్వ కార్డులు కొత్తగా అచ్చు వేయించే సందర్భంలో వాటి మీద హోలోగ్రామ్ పెట్టించాలా వద్దా అని కార్యవర్గంలో చర్చ వచ్చింది. ఒకరు "పెడితే కార్డుకు విలువ వస్తుంది" అన్నారు. ఇంకొకరు "అసలు హోలోగ్రామ్ అంటే ఏమిటండీ?" అని అడిగారు. గదిలో ఉన్నవాళ్లు తలా ఒక అర్థం చెప్పారు. జన్మంతా ఫైళ్లు వెతికినవాడు గనుక దీని సంగతి కూడా వెతికి చెప్పమని ఆ పని నాకు పెట్టారు.

ముందుగా మాట పుట్టుక. ఇది గ్రీకు భాష నుంచి వచ్చింది. "హోలోస్" అంటే మొత్తం, సంపూర్ణం. "గ్రామ్మా" అంటే రాత. టెలిగ్రామ్ అంటే దూరం నుంచి వచ్చిన రాత అయినట్టే, హోలోగ్రామ్ అంటే సంపూర్ణమైన రాత. మనవాళ్లు తెలుగులో చెప్పుకోవాలంటే "పూర్ణలేఖ" అనవచ్చునేమో. అయితే వాడుకలో హోలోగ్రామ్ అనే మాటే స్థిరపడింది. టెలిగ్రామ్‌ను కూడా "తంతి" అన్నది కొందరే గదా!

ఈ మాట పెట్టినవారు డెనిస్ గాబర్ అనే శాస్త్రవేత్త. ఆయన 1900లో హంగరీ రాజధాని బుడాపెస్టులో పుట్టి, తరువాత ఇంగ్లండులో స్థిరపడ్డారు. అక్కడ రగ్బీ అనే ఊళ్లో ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో పనిచేస్తూ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించే బొమ్మను ఇంకా స్పష్టంగా చేయడం ఎలా అని ఆలోచిస్తుండగా ఈ పద్ధతి తట్టింది. అది 1947వ సంవత్సరం, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. మరుసటి ఏడాది ఆయన దానిని ప్రకటించారు. ఇందుకుగాను 1971లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆ పద్ధతి ఏమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. ఫోటో తీసినప్పుడు ఫిల్మ్ మీద పడేది వెలుగు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్న లెక్క మాత్రమే. వెలుగు కూడా అలల్లాగా ప్రయాణిస్తుంది. ఏ అల ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది అన్న సంగతి ఫోటోలో నమోదు కాదు. అందుకే ఫోటో చదునుగా ఉంటుంది. పెళ్లి ఫోటోలో ముందు వరుసలోని మామయ్య వెనక ఎవరు నిలబడ్డారో, మనం తల ఎంత పక్కకు వంచినా కనిపించదు.

ఇప్పుడు నిలకడగా ఉన్న చెరువులో రెండు రాళ్లు కొంచెం ఎడంగా వేశారనుకోండి. రెండు చోట్ల నుంచీ అలలు వలయాలుగా బయలుదేరి ఒకదానినొకటి కలుసుకుంటాయి. కలిసిన చోట ఒక చిత్రమైన గళ్ల ముగ్గు ఏర్పడుతుంది. ఆ ముగ్గును ఉన్నది ఉన్నట్టు పట్టుకోగలిగితే, అలలు ఏ దిక్కు నుంచి, ఏ తీరులో వచ్చాయో వెనక్కి లెక్క కట్టవచ్చు. గాబర్ గారు వెలుగుతో చేసినది ఇదే. వస్తువు మీద పడి వచ్చే వెలుగును, నేరుగా వచ్చే వెలుగుతో కలిపి, ఆ కలయికలో ఏర్పడే ముగ్గును ఫిల్మ్ మీద పట్టారు. ఆ ఫిల్మ్‌ను మామూలుగా చూస్తే ఏ బొమ్మా కనిపించదు, మసకగా ఉంటుంది. దాని మీద తగిన వెలుగు వేస్తే మాత్రం వస్తువు అక్కడే ఉన్నట్టు లేచి వస్తుంది. తల పక్కకు జరిపితే దాని పక్క భాగం కూడా కనిపిస్తుంది. వెలుగులోని సమాచారం మొత్తం రాసి పెట్టారు గనుక అది పూర్ణలేఖ అయింది.

అయితే గాబర్ గారి రోజుల్లో ఒకే తీరుగా నడిచే బలమైన వెలుగు లేదు. 1960లో లేజరు వచ్చాకనే ఈ విద్యకు రెక్కలు వచ్చాయి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన లీత్, ఉపాట్నిక్స్ అనే ఇద్దరు 1964లో ఒక బొమ్మ రైలు ఇంజను హోలోగ్రామ్‌ను లేజరు వెలుగులో చూపించారు. సోవియట్ దేశంలో డెనిస్యుక్ అనే ఆయన మామూలు దీపం వెలుగులోనే చూడదగ్గ పద్ధతి కనిపెట్టారు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ప్రయోగశాలలో చేసిన అటువంటి గాజుపలక పగిలితే, ఏ ముక్కలో చూసినా వస్తువు మొత్తం కనిపిస్తుందట, కాకపోతే కొంత మసకగా, ఒక వైపు నుంచి మాత్రమే. కిటికీ తలుపులు మూసి చిన్న సందులోంచి చూసినా వీధి కనిపిస్తుంది గదా, అలాగన్నమాట. ఇది విని మీ కార్డుల మీది స్టిక్కర్లు కత్తిరించి పరీక్ష చేయకండి. వాటికి ఈ గుణం ఉండదు. ముక్కకు ముక్కే మిగులుతుంది!

ఇక మన చేతిలోని మెరిసే బిళ్ల సంగతికి వద్దాం. 1968లో అమెరికాలో బెంటన్ అనే శాస్త్రవేత్త ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపించే హోలోగ్రామ్‌ను తయారు చేశారు. తరువాత దానిని సన్నటి ప్లాస్టిక్ రేకు మీద, కంటికి కనిపించని గీతలుగా, వేడితో ఒత్తి అచ్చు వేసే పద్ధతి వచ్చింది. దానితో లక్షల సంఖ్యలో చవకగా తయారు చేయడం సాధ్యమైంది. 1980 దశకంలో క్రెడిట్ కార్డుల మీదికి అది ఎక్కింది. 1984 మార్చిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రంగా గద్ద హోలోగ్రామ్‌ను వేశారు.

మనలో చాలామందికి ఈ వస్తువు పరిచయమైంది ఓటరు గుర్తింపు కార్డుతోనే. 1993లో ఫోటో గుర్తింపు కార్డుల కార్యక్రమం మొదలైనప్పుడు అందరం వరుసలో నిలబడి ఫోటోలు దిగాము. ఫోటోలో మన ముఖం మనకే గుర్తు దొరకకపోయినా, కార్డు మీది మెరిసే బిళ్ల మాత్రం దివ్యంగా ఉండేది. తరువాత పాన్ కార్డు మీదికి వచ్చింది. 2020లో వచ్చిన ప్లాస్టిక్ ఆధార్ కార్డు మీద కూడా ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నిటికీ తప్పనిసరి చేసిన నంబరు ప్లేటు మీద, ఎడమ చేతి వైపు పై మూలన, నీలి రంగులో అశోక చక్రం మెరుస్తూ ఉంటుంది చూడండి, అదీ ఇదే. పట్టుచీరకు కట్టే సిల్క్ మార్క్ చీటీ మీద, మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యం సీసాల మూతల మీద అంటించే ఎక్సైజు లేబుళ్ల మీద కూడా ఉంటుంది. మద్యం సీసా సంగతి నేను చదివి తెలుసుకున్నదే సుమా!

ఒక సవరణ కూడా చెప్పాలి. చాలామంది "నోటు మీద హోలోగ్రామ్ చూశావా?" అంటుంటారు. మన భారతీయ నోట్ల మీద హోలోగ్రామ్ లేదు. అయిదు వందల నోటును అటూ ఇటూ వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారేది భద్రతా దారం. కింద కుడి వైపున 500 అంకె రంగు మారేది ప్రత్యేకమైన సిరా వల్ల. హోలోగ్రామ్ ఉండేది యూరో వంటి నోట్ల మీద.

ఈ బిళ్ల వల్ల ప్రయోజనం ఏమిటి? మనం ఆఫీసుల్లో వాడిన లక్క ముద్ర వల్ల ఏమి ప్రయోజనమో దీని వల్లా అదే. నేను తపాలా సెక్షనులో ఉన్నప్పుడు రహస్యపు కవర్ల మీద లక్క కరిగించి ఇత్తడి ముద్ర వేసేవాళ్లం. ముద్ర చెక్కు చెదరకుండా ఉంటే దారిలో కవరు ఎవరూ విప్పలేదని అర్థం. అంతేగాని, లోపలి ఉత్తరంలో రాసిన లెక్కలు సరైనవని ఆ ముద్ర పూచీ పడదు. హోలోగ్రామ్ కూడా అంతే. దానిని జిరాక్సు తీస్తే నల్లటి మచ్చగా పడుతుంది గనుక కాపీ కొట్టడం కష్టం. ఊడదీస్తే చిరిగిపోయేలా చేస్తారు గనుక మార్చడం కష్టం. అది చెప్పేది ఆ రెండు ముక్కలే.

కాని మన కన్ను ఏం చేస్తుంది? మెరిస్తే చాలు, ప్రభుత్వం వారి ముద్ర అనుకుంటుంది. మోసగాళ్లకు కావలసింది అదే. అసలు దానిలోని బొమ్మను అచ్చంగా దించడం వాళ్లకు కష్టం కావచ్చు, ఏదో ఒక మెరిసే స్టిక్కరు అంటించడం మాత్రం ఎవరికీ కష్టం కాదు. మా వియ్యంకుల వారు ఒకసారి ఇంటి ముందుకు వచ్చిన మనిషి దగ్గర మోకాళ్ల నొప్పుల తైలం కొన్నారు. "ఎందుకు కొన్నారండీ బావగారూ?" అంటే "సీసా మీద హోలోగ్రామ్ ఉంది" అన్నారు. చూస్తే అది పిల్లల పుస్తకాల అట్టలకు అంటించుకునే మెరుపు కాగితం. దాని మీద ఒక పేరు లేదు, నంబరు లేదు.

అందుచేత మెరుపు కనిపించగానే అక్కడ ఆగకుండా, దాని పక్కన ఏముందో చూడాలి. సిల్క్ మార్క్ చీటీకి నంబరు ఉంటుంది. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 రకాల మందుల పెట్టెల మీద స్కాను చేసి చూసే గడుల ముద్ర తప్పనిసరి చేశారు. మనవడి చేత ఫోనులో పెట్టించి, కంపెనీ పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ సరిపోయాయో లేదో చూసుకోవచ్చు. బిల్లు తీసుకోవాలి. ముద్ర ఒక్కటి చూస్తే చాలదు, రిజిస్టరు కూడా చూడాలి. మన సభ్యత్వ కార్డు విషయంలో కూడా నేను కార్యవర్గానికి ఇదే మనవి చేశాను. మెరుపు ఉన్నా లేకపోయినా ఫరవాలేదు, కార్డు నంబరు మన సభ్యత్వ రిజిస్టరులో ఉండాలి.

హోలోగ్రామ్ అనే మాట ఇంకొక అర్థంలో కూడా ఈమధ్య బాగా వినిపిస్తున్నది. మనిషి లేని చోట మనిషి నిలబడి మాట్లాడుతున్నట్టు చూపించడం. 2012 గుజరాత్ ఎన్నికల ప్రచారంలోనూ, 2014 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలోనూ నరేంద్ర మోడీ గారి ప్రసంగాలను ఒకేసారి అనేక ఊళ్లలో ఈ విధంగా చూపించారు. 2022 జనవరి 23న ఢిల్లీలో ఇండియా గేటు దగ్గర నేతాజీ సుభాస్ చంద్రబోసు గారి 28 అడుగుల హోలోగ్రామ్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అదే ఏడాది సెప్టెంబరులో దాని స్థానంలో నల్లరాతి విగ్రహం వచ్చింది.

శాస్త్రం ప్రకారం చూస్తే ఇవి గాబర్ గారి హోలోగ్రామ్‌లు కావు. నేతాజీ గారి రూపాన్ని శక్తిమంతమైన ప్రొజెక్టరుతో, కంటికి ఆనని పారదర్శకమైన తెర మీద వేశారు. వేదికల మీద చూపే బొమ్మల్లో చాలా వాటికి మూలం ఇంకా పాతది. 1862లో లండనులో పెప్పర్ అనే ఆయన నాటకశాలలో ఏటవాలుగా గాజు పలక నిలబెట్టి, కింద దాచిన మనిషి ప్రతిబింబాన్ని దయ్యంలాగా చూపించారు. రాత్రి పూట బస్సులో లైటు వేసి ఉంటే, కిటికీ అద్దంలో మన ముఖం బయటి పొలాల మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది గదా, అదే ఆ విద్య. జనం మాత్రం దీనిని కూడా హోలోగ్రామ్ అనే అంటున్నారు. జనం వాడే మాటను మనం ఆపలేము. 1957 నాటి మాయాబజార్ సినిమాలో ప్రియదర్శిని పెట్టెను చూసి మురిసిపోయిన తరం మనది. మనకు కావలసినవాళ్లు ఎదురుగా కనిపించాలనే కోరిక పాతదే, పేరు కొత్తది.

చివరగా అసలు సంగతికి వస్తున్నాను. ఈ మాటకు ఒక పెద్దక్క ఉంది. పేరు "హోలోగ్రాఫ్". గాబర్ గారు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందు నుంచి ఇంగ్లీషులో ఉన్న మాట ఇది. మొదటి నుంచి చివరి దాకా ఒకరు తన చేత్తోనే రాసిన కాగితం అని దాని అర్థం. మన భాషలో చెప్పాలంటే స్వదస్తూరి. న్యాయవాదులు "హోలోగ్రాఫ్ విల్లు" అంటారు, అంటే స్వదస్తూరితో రాసుకున్న వీలునామా. మన వయస్సు వాళ్లకు మెరిసే స్టిక్కరు కంటే ఈ పెద్దక్కతోనే పని ఎక్కువ.

నా స్నేహితుడొకాయన వేరే జిల్లాలో నాలాగే గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ముత్యాల్లాంటి దస్తూరి. తన కష్టార్జితంతో కట్టుకున్న ఇల్లు తన తదనంతరం భార్యకు సర్వహక్కులతో చెందాలని, మిగిలినది ముగ్గురు పిల్లలు పంచుకోవాలని నాలుగు పేజీల వీలునామా రాసుకున్నారు. అమెరికాలో టెక్సాసులో ఉన్న కొడుకు, "నాన్నా, సొంత చేత్తో రాస్తే సాక్షులు అక్కర్లేదు, ఇక్కడ అందరూ అలాగే రాస్తారు" అని ఫోనులో చెప్పాడు. కొడుకు అబద్ధం చెప్పలేదు. టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రాల్లోనూ, ఫ్రాన్సు దేశంలోనూ చట్టం అలాగే ఉంది. కాని మన దేశంలో అలా లేదు. ఆయన ప్రతి పేజీలో సంతకం చేసి, తేదీ వేసి, కవరులో పెట్టి బీరువాలో దాచారు. సాక్షి సంతకం ఒక్కటీ లేదు.

ఆయన పోయిన తరువాత ఆ కాగితాలు నాకు చూపించారు. ఆ దస్తూరి ఆయనదేనని కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా ఏం లాభం? వీలునామాగా అది చెల్లదని వకీలు తేల్చారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా, ఇల్లు నాలుగు వాటాలు అయింది. ఇద్దరు పిల్లలు తమ వాటాలు తల్లికి వదులుతూ రిజిస్టరు చేసి ఇచ్చారు. మూడో వాటా కోసం ఆ తల్లి తన ఒంటి మీది బంగారం అమ్మవలసి వచ్చింది. ఆయన కోరికలో లోపం లేదు, రాతలో లోపం లేదు. రెండు సంతకాలు లేవు, అంతే.

కాబట్టి నా మనవి వినండి. మన భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షను ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు సంతకం చేస్తుండగా వాళ్లు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని మీరు వాళ్లతో స్వయంగా చెప్పాలి. వాళ్లు మీ ఎదుట సంతకం చేయాలి. స్వదస్తూరితో రాసినా, టైపు చేయించినా ఈ నియమం ఒక్కటే. స్వదస్తూరి వల్ల రాత మీదేనన్న నమ్మకం పెరుగుతుంది గాని సాక్షుల అవసరం పోదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. చేయించినా సాక్షులు ఉండవలసిందే. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రేపు కోర్టులో వీలునామాను రుజువు చేయవలసి వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పవలసి ఉంటుంది. అందుచేత మనతో పాటు కర్ర పట్టుకుని నడిచే స్నేహితుణ్ణి కాక, మనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లను ఎంచుకోండి. కాగితం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ముస్లిం సోదరులకు వారి వ్యక్తిగత చట్టం వేరు, వారు ఆ విధంగా విచారించుకోవాలి. ఎవరైనా సరే ఒకసారి మంచి వకీలుకు చూపించుకోవడం ఉత్తమం.

మన పాత దస్తావేజుల చివర చూడండి. రాయించిన వారి సంతకం, సాక్షుల సంతకాలు, ఆపైన "దస్తూరి" అంటూ రాసిన వారి పేరు. రాత ఒకరిది, చూసిన కళ్లు మరిద్దరివి. ఇవన్నీ కలిస్తేనే మన పెద్దల లెక్కలో అది సంపూర్ణమైన రాత. గ్రీకు వారు మాట ఇచ్చారు, అర్థం మాత్రం మన రిజిస్ట్రారు ఆఫీసులో కూడా దొరుకుతుంది.

ఈ సభ ముగిశాక ఇంటికి వెళ్లి బీరువాలో ఉన్న కాగితం ఒకసారి తీసి చూసుకోండి. సాక్షుల సంతకాలు లేకపోతే, సాక్షులు ఇద్దరిని పిలిచి టీ ఇచ్చి, మీ సంతకం చూపించి, మీ ఎదుట వాళ్ల సంతకాలు పెట్టించుకోండి.